రిపోర్టు ‘ఉంది’ అన్నా, ‘లేదు’ అన్నా: క్యాన్సర్ ముందస్తు పరీక్షలపై పాఠకుల ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో చాలా భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. ఏ బాధా లేని ఆరోగ్యవంతులలో క్యాన్సర్‌ను ముందే పట్టుకుంటామని చెబుతున్న కొత్త పరీక్షలు చేయించుకోవాలా, అక్కరలేదా అని అడిగారు. వాటిలో నాలుగింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను. రాసినవారు కోరినందువల్ల పేర్లు తీసేశాను.

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. నాకు 58 ఏళ్లు, మా వారికి 64. మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. ఒక్కసారి రక్తం ఇస్తే యాభై రకాల క్యాన్సర్లను చెప్పే పరీక్ష అక్కడ ఉందట. ఈ వేసవిలో మేము వెళ్లినప్పుడు ఇద్దరికీ చేయిస్తానంటున్నాడు. ఒక్కొక్కరికి 950 డాలర్ల దాకా అవుతుందట. అలాంటివే హైదరాబాద్‌లోనూ చేస్తున్నారని మా ఆడపడుచు చెప్పింది. మా ఇద్దరికీ బీపీ తప్ప ఏ జబ్బూ లేదు. మా తోటికోడలు అండాశయ క్యాన్సర్ ఆలస్యంగా బయటపడి పోయింది కాబట్టి నాకు లోపల భయంగానే ఉంది. ముందుగా తెలిస్తే మంచిదే కదా అని మా వాడంటాడు, ఉన్న మనశ్శాంతి పోగొట్టుకోవడం ఎందుకని ఈయనంటారు. ఎవరి మాట వినమంటారు?
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, ముందు మీ భయం గురించి ఒక మాట. తోటికోడలితో మీకు గానీ, మీ వారికి గానీ రక్తసంబంధం లేదు కాబట్టి, ఆమెకు వచ్చిన జబ్బు మీ ఇద్దరిలో ఎవరికీ ముప్పును పెంచదు. అదే మీ తల్లికో, తోబుట్టువుకో అండాశయ క్యాన్సర్ గానీ, చిన్న వయసులో రొమ్ము క్యాన్సర్ గానీ వచ్చి ఉంటే నా జవాబు వేరుగా ఉండేది. అప్పుడు ఈ పరీక్షను పక్కన పెట్టి, ఈ రెండు క్యాన్సర్ల ముప్పుతో సంబంధం ఉన్న బీఆర్‌సీఏ జన్యువులలో మార్పు ఉందేమో చూపించుకోమని చెప్పేదాన్ని.

మీ అబ్బాయి చెబుతున్నది గ్రెయిల్ అనే సంస్థ అమ్ముతున్న గ్యాలెరీ పరీక్ష అయి ఉంటుంది. శరీరంలో కణాలు చనిపోయినప్పుడు వాటి డీఎన్‌ఏ తునకలు రక్తంలో కలుస్తాయి. ఎక్కడైనా కణితి ఉంటే దాని తునకలూ వాటితోపాటే తిరుగుతుంటాయి. ఆ తునకల మీద మిథైల్ అనే రసాయన గుర్తులు ఉండే తీరు మామూలు కణాలలో ఒక రకంగా, క్యాన్సర్ కణాలలో ఇంకో రకంగా ఉంటుంది. ఆ తేడాను కంప్యూటర్ చదివి, క్యాన్సర్ జాడ ఉందా, ఉంటే ఏ అవయవం నుంచి వస్తున్నట్టుందో చెబుతుంది. దీని వెనక ఉన్న విజ్ఞానం నిజంగా గొప్పది. మెచ్చుకోవడానికి నేను వెనకాడను. అయితే విజ్ఞానం గొప్పదైనంత మాత్రాన, దానితో చేసిన పరీక్ష మీ ఆయుష్షును పెంచుతుందని చెప్పడానికి వీలులేదు.

‘ముందుగా తెలిస్తే మంచిదే కదా’ అన్న మాటలో రెండు నమ్మకాలు కలిసి ఉన్నాయి. ఈ పరీక్ష జబ్బును నిజంగా ముందుగానే పట్టుకుంటుందన్నది మొదటిది, అలా పట్టుకోవడం వల్ల చివరకు ప్రాణం నిలుస్తుందన్నది రెండోది. ఈ రెండింటినీ విడివిడిగా చూడాలి.

మొదటిదాన్ని చూద్దాం. అప్పటికే క్యాన్సర్ ఉన్నట్టు తేలినవారిపై ఈ పరీక్షను ప్రయోగించి 2021లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, నాలుగో దశలో ఉన్న క్యాన్సర్లలో నూటికి 90, మూడో దశలో 77 పట్టుబడ్డాయి. రెండో దశకు వచ్చేసరికి అది 40కి, మొదటి దశకు వచ్చేసరికి 17కు పడిపోయింది. చిన్న కణితి రక్తంలోకి వదిలే తునకలు మరీ కొద్ది కావడమే ఇందుకు కారణం. మనకు ఏ దశలో తెలిస్తే ఎక్కువ మేలో, ఆ దశలోనే దీని చూపు మందంగా ఉందన్నమాట.

ఏ లక్షణాలూ లేని, 50 ఏళ్లు దాటిన 6,621 మందికి అమెరికాలో ఇదే పరీక్ష చేసిన మరో అధ్యయనం 2023లో వెలువడింది. అందులో 92 మందికి ‘జాడ ఉంది’ అని ఫలితం వచ్చింది. స్కానింగులు, బయాప్సీలు చేసి చూస్తే వారిలో 35 మందికి నిజంగా క్యాన్సర్ ఉంది, మిగిలిన 57 మందికి లేదు. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినవి వీటి పక్కనే ఉన్న ఇంకో రెండు సంఖ్యలు. క్యాన్సర్ ఉన్నవారికి ఆ సంగతి నిర్ధారణ కావడానికి మధ్యస్థంగా 57 రోజులు పడితే, లేనివారికి ‘లేదు’ అని తేలడానికి 162 రోజులు పట్టింది. ఉన్నదాన్ని చూపించడం సులువు, లేనిదాన్ని లేదని రుజువు చేయడానికి మాత్రం ఒకదాని తర్వాత ఒకటిగా అవయవాలన్నీ వెతకాలి. ఐదు నెలలకు పైగా ఒక ఆరోగ్యవంతుడు తనకు క్యాన్సర్ ఉందేమోనన్న అనుమానంతో పడుకుని లేస్తాడు.

ఆ అనుమానం ఎలా ఉంటుందో నేను దగ్గరగా చూశాను. కొన్నేళ్ల క్రితం గుంటూరు నుంచి మిర్చి యార్డులో గుమస్తాగా పనిచేసి మానేసిన ఒక పెద్దాయన వచ్చారు. ఆయన ఎన్నడూ పొగ తాగినవారు కారు. కూతురు పుట్టినరోజు కానుకగా కొనిపెట్టిన ప్యాకేజీలో ఛాతీ సీటీ కూడా ఉంది, అందులో కుడి ఊపిరితిత్తిలో 9 మిల్లీమీటర్ల మచ్చ కనబడింది. ఒక ఆసుపత్రిలో సూదితో ముక్క తీస్తుండగా ఊపిరితిత్తికి గాలి చిల్లు పడి, ఛాతీలో గొట్టం వేసి ఐదు రోజులు ఉంచవలసి వచ్చింది. ముక్క పరీక్షలో తేలింది ఎప్పుడో వచ్చి, ఆయనకు తెలియకుండానే మానిపోయిన టీబీ మచ్చ. గుడ్డ సంచీలో ఫిల్ములన్నీ తేదీల వరుసలో పేర్చుకుని తెచ్చిన ఆయన, నేను రిపోర్టు చదివి వినిపించాక కూడా, ‘మరి ఆరు నెలలకు మళ్లీ స్కానింగ్ ఎందుకు రమ్మన్నారమ్మా?’ అని అడిగారు. టీబీ మచ్చలు ఇంత మామూలైన మన దేశంలో, పొగ తాగని మనిషికి ఛాతీ సీటీ ప్యాకేజీలో కలిపి అమ్మడం తప్పని నేను ఆ రోజు నుంచి చెబుతూనే ఉన్నాను.

ఇక ‘లేదు’ అన్న ఫలితం సంగతి. ఆ 6,621 మందిలో ఏడాది తిరిగేలోగా మొత్తం 121 మందికి క్యాన్సర్ బయటపడింది. అందులో ఈ రక్తపరీక్ష చెప్పింది 35 మందికే. మిగిలినవారిలో కొందరికి మామోగ్రామ్ (రొమ్ముల ఎక్స్‌రే) వంటి పాత పరీక్షల వల్ల, ఇంకా ఎక్కువ మందికి లక్షణాలు కనబడి డాక్టరు దగ్గరకు వెళ్లడం వల్ల తెలిసింది. కాబట్టి ‘లేదు’ అన్న కాగితాన్ని నమ్మి, రేపు ఎప్పుడైనా మలంలో రక్తం పడితే మొలలే అనుకుని ఊరుకోవడం, ముట్లుడిగాక రక్తస్రావం కనబడితే వేడి చేసిందనుకోవడం చాలా ప్రమాదం.

మన దేశంలో చేయించుకుంటే ఇంకో లెక్క కూడా తోడవుతుంది. వయసు తేడాలను సరిచేసి చూసినా, మన దగ్గర కొత్తగా క్యాన్సర్ వచ్చేవారి రేటు అమెరికా రేటులో మూడో వంతుకన్నా తక్కువ. ఒక ఊహా లెక్క వేసుకుందాం. వెయ్యి మంది ఆరోగ్యవంతులలో ఐదుగురికే తప్పుగా ‘ఉంది’ అని చెప్పేంత మంచి పరీక్షను పది వేల మందికి చేశామనుకోండి. వారిలో 150 మందికి క్యాన్సర్ ఉండి, అందులో సగం పట్టుబడితే 75 నిజమైన ఫలితాలు, 50 తప్పు ఫలితాలు వస్తాయి. అదే పది వేల మందిలో 50 మందికే క్యాన్సర్ ఉంటే నిజమైనవి 25 మాత్రమే వస్తాయి, తప్పు ఫలితాలు మాత్రం అలాగే 50 దాకా ఉంటాయి. సూది అదే, యంత్రం అదే అయినా ‘ఉంది’ అన్న మాటకు విలువ మారిపోయింది. కరపత్రంలో 99 శాతం కచ్చితత్వం అని రాసినప్పుడు ఈ సంగతి అందులో కనబడదు.

రెండో నమ్మకానికి వస్తే, మీ తోటికోడలి జబ్బే దానికి సరైన ఉదాహరణ. బ్రిటన్‌లో 2001 నుంచి 2005 వరకు రెండు లక్షలకు పైగా స్త్రీలను చేర్చుకుని అండాశయ క్యాన్సర్‌పై ఒక పెద్ద అధ్యయనం చేశారు. కొందరికి ఏటా సీఏ 125 అనే ప్రోటీన్‌ను కొలిచే రక్తపరీక్ష చేసి, దాని తీరును బట్టి అవసరమైతే స్కానింగ్ చేశారు. కొందరికి ఏటా స్కానింగే చేశారు. మిగిలిన సగం మందికి ఏమీ చేయలేదు. రక్తపరీక్ష చేసిన గుంపులో మొదటి దశలో దొరికినవి బాగా పెరిగాయి, నాలుగో దశలో దొరికినవి తగ్గాయి. ఇది చూసి నాలాంటివాళ్లం ఎంతో ఆశపడ్డాం. అయితే దాదాపు 16 ఏళ్లు గమనించాక 2021లో తుది ఫలితం వచ్చినప్పుడు, పరీక్షలు చేయించుకున్నవారిలోనూ, చేయించుకోనివారిలోనూ ఆ క్యాన్సర్‌తో చనిపోయినవారి నిష్పత్తిలో చెప్పుకోదగిన తేడా లేదు. జబ్బు ముందుగా తెలిసింది, కానీ చావు వాయిదా పడలేదు. కొందరికి మనోవ్యథ మాత్రం ముందే మొదలైంది.

గ్యాలెరీపై ఇంగ్లాండులో 2021లో మొదలుపెట్టిన అధ్యయనంలో 50 నుంచి 77 ఏళ్ల మధ్య వయసున్న 1,40,000 మందికి పైగా చేరారు. అందులో మొదటగా కొలవదలచింది మరణాల తగ్గుదలను కాదు, ముదిరిన దశలో బయటపడే క్యాన్సర్లు తగ్గుతాయా అన్నదాన్ని. అండాశయ క్యాన్సర్ విషయంలో మనల్ని ఆశపెట్టి నిరాశపరిచింది ఆ రకం కొలమానమే కాబట్టి, దాన్ని ప్రాణాలు నిలిచినదానితో సమానంగా లెక్కించడానికి నేను ఒప్పుకోను.

అందుచేత ఈ విడతకు మీ వారి మాటే వినమంటాను. అయినా మీ అబ్బాయి పట్టుబడితే, రక్తం ఇవ్వక ముందే అతన్ని ఒకటి అడగండి. ఫలితం ‘ఉంది’ అని వస్తే తర్వాతి స్కానింగులు, బయాప్సీలు ఎక్కడ, ఎవరి ఖర్చుతో జరుగుతాయి? మీలా చూడడానికి వెళ్లినవారు తీసుకునే ప్రయాణ బీమా మామూలుగా ఇలాంటి ఖర్చులు భరించదు. అమెరికాలో వాటికయ్యే ఖర్చు ముందు ఆ 950 డాలర్లు ఏపాటివీ కావు. ఆ డబ్బులో చిన్న భాగంతో ఇక్కడే మీరు గర్భాశయ ముఖద్వారానికి హెచ్‌పీవీ పరీక్ష (అక్కడి క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్‌ను పట్టేది), రొమ్ములకు మామోగ్రామ్ చేయించుకోండి. ఇద్దరూ ఒకసారి నోరు చూపించుకోండి. మీ వారు పొగ తాగేవారైతే సంగతి వేరు, అప్పుడు తక్కువ మోతాదు ఛాతీ సీటీ గురించి ఆయన డాక్టరుతో మాట్లాడాలి. దీర్ఘకాలం బాగా పొగ తాగినవారిలో ఆ పరీక్ష ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలను ఐదో వంతు తగ్గించినట్టు అమెరికాలో 53 వేల మందిపై జరిగిన అధ్యయనం 2011లోనే చూపించింది.

ప్రశ్న: నాకు 34 ఏళ్లు, గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కంపెనీ వాళ్లు ఏటా చేయించే హెల్త్ చెకప్‌లో ఈసారి మెడకు అల్ట్రాసౌండ్ కూడా చేశారు. థైరాయిడ్‌లో 7 మిల్లీమీటర్ల గడ్డ ఉందని, టైరాడ్స్ 4 అని రాశారు. సూది పరీక్ష చేయించి, అనుమానం ఉంటే గ్రంథి మొత్తం తీసేయడమే మేలని ఒక డాక్టరు అన్నారు. నాకు ఏ ఇబ్బందీ లేదు. మూడు వారాలుగా నిద్ర లేదు. అద్దం ముందు నిలబడి మెడ తడుముకుంటూనే ఉన్నాను.
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మెడ తడమడం ఈ రోజుతో మానేయండమ్మా. 7 మిల్లీమీటర్లంటే దాదాపు ఒక కందిగింజంత. అది చేతికి దొరకదు.

మీ ఉత్తరం చదివినప్పుడు నాకు దక్షిణ కొరియా గుర్తొచ్చింది. అక్కడ 1999లో ప్రభుత్వం కొన్ని క్యాన్సర్లకు ముందస్తు పరీక్షల పథకం పెట్టింది. థైరాయిడ్ ఆ పథకంలో లేదు. కానీ ఎలాగూ వచ్చారు కదా, కొద్దిగా డబ్బు కడితే మెడకు కూడా స్కానింగ్ చేస్తామని ఆసుపత్రులు చెప్పసాగాయి. జనం చేయించుకున్నారు. 2011 నాటికి ఏటా థైరాయిడ్ క్యాన్సర్ అని తేలేవారి రేటు 1993తో పోలిస్తే 15 రెట్లయింది. ఆ ఒక్క ఏడాదే 40 వేల మందికి పైగా ఆ ముద్ర పడింది. ఈ కాలమంతటిలోనూ థైరాయిడ్ క్యాన్సర్‌తో చనిపోయేవారి రేటు మాత్రం ఉన్నచోటనే ఉంది. పదిహేను రెట్లు జబ్బు పట్టుకుని కోసి తీసేస్తే మరణాలు కొంతైనా తగ్గాలి కదా. తగ్గలేదంటే, తీసేసినవాటిలో అత్యధికం ఆ మనిషిని ఎన్నటికీ బాధించనివే అయి ఉండాలి. దీన్ని వైద్యంలో అక్కరలేని నిర్ధారణ అంటాం. అది తప్పు ఫలితం కాదు. సూక్ష్మదర్శిని కింద చూస్తే అది క్యాన్సరే. కానీ కదలకుండా కూర్చున్న క్యాన్సర్. ఏ కారణంతోనో చనిపోయినవారి థైరాయిడ్లను సన్నగా కోసి చూసిన ఫిన్లాండ్ పరిశోధకులకు 1985లోనే మూడో వంతుకు పైగా మందిలో ఇలాంటివి కనిపించాయి. వారంతా బతికినన్నాళ్లూ ఆ సంగతి తెలియకుండానే బతికారు.

ఈ నిర్ధారణకు మూల్యం ఉంది. కొరియాలో ఆపరేషన్ చేయించుకున్నవారిలో నూటికి 11 మందికి పక్కనే ఉండే పారాథైరాయిడ్ గ్రంథులు దెబ్బతిని కాల్షియం పడిపోయే సమస్య వచ్చింది, ఇద్దరికి స్వరతంతువుల నరం చచ్చుబడింది. గ్రంథి మొత్తం తీసేస్తే జీవితాంతం రోజూ థైరాక్సిన్ మాత్ర వేసుకోవాలి. 2014లో అక్కడి డాక్టర్లే కొందరు ముందుకొచ్చి ఆరోగ్యవంతులకు మెడ స్కానింగ్ ఆపమని బహిరంగంగా కోరారు. ఏడాది తిరిగేసరికి ఆపరేషన్లు మూడో వంతు తగ్గాయి.

మీ విషయానికి వస్తే, టైరాడ్స్ అంటే స్కానింగ్‌లో గడ్డ కనబడే తీరును బట్టి అనుమానాన్ని 1 నుంచి 5 వరకు కోవలుగా విభజించే పద్ధతి. అందులో 4 అంటే ఓ మోస్తరు అనుమానం. అమెరికా రేడియాలజిస్టుల మార్గదర్శకాల ప్రకారం ఆ కోవకు చెందిన గడ్డకు సూది పరీక్ష చేయాలంటే అది 15 మిల్లీమీటర్లు ఉండాలి. అంతకన్నా ఎక్కువ అనుమానం ఉన్న 5వ కోవకు కూడా 10 మిల్లీమీటర్లు దాటాలి. జపాన్‌లోని కోబెలో కుమా ఆసుపత్రి డాక్టర్లు 1993 నుంచి, క్యాన్సర్ అని తేలినా సెంటీమీటరు లోపు ఉన్నవాటిని వెంటనే కోయకుండా స్కానింగ్‌తో గమనిస్తూ వచ్చారు. వాటిలో పెరిగినవి కొద్ది. పెరిగాక ఆపరేషన్ చేసినవారికీ ఆలస్యం వల్ల నష్టం జరగలేదు.

ఇంత రాసినా, మీ స్కానింగ్ నేను చూడలేదు కాబట్టి నా మాట ఆఖరి మాట కాదు. మెడలో బిళ్ల కట్టిందా, గొంతు బొంగురుపోయిందా, చిన్నతనంలో మెడకు రేడియేషన్ ఇచ్చారా, ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ క్యాన్సర్ వచ్చిందా అన్నవి అడిగి చూసే ఎండోక్రైనాలజిస్టుకు (థైరాయిడ్ వంటి గ్రంథుల డాక్టరుకు) ఆ రిపోర్టు చూపించండి. ఇవేమీ లేకపోతే మళ్లీ ఎన్ని నెలలకు స్కానింగ్ చేయించాలో ఆయన చెబుతారు. అప్పటివరకూ కోతకు తొందరపడవలసిన పని లేదు.

ప్రశ్న: మా అపార్టుమెంటులో రొమ్ము క్యాన్సర్ శిబిరం పెడతామని ఒకరు వచ్చారు. ఒళ్లు తాకకుండా, రేడియేషన్ లేకుండా, వేడిని పట్టే కెమెరాతో ఫోటో తీస్తే ఏఐ చెప్పేస్తుందట. మామోగ్రామ్ అక్కరలేదంటున్నారు. సంఘం కార్యదర్శిగా అనుమతి ఇవ్వాలా?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ‘మామోగ్రామ్ అక్కరలేదు’ అన్న మాట కరపత్రంలో ఉంటే ఇవ్వకండి. శరీరం వెలువరించే వేడిని ఫోటో తీసే పద్ధతి మామోగ్రామ్‌కు ప్రత్యామ్నాయం కాదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పదే పదే హెచ్చరించింది. దానివల్ల రొమ్ము క్యాన్సర్ మరణాలు తగ్గినట్టు చూపిన అధ్యయనం లేదు. సిగ్గు పడనవసరం లేకపోవడం, నొప్పి లేకపోవడం మన ఆడవాళ్లకు చిన్న విషయాలు కావని నాకు తెలుసు. కానీ పట్టవలసినదాన్ని పట్టకపోతే ఆ సౌకర్యం ఎందుకు?

ఏఐ పేరు వినగానే కొట్టిపారేయమని మాత్రం నేను చెప్పడం లేదు. స్వీడన్‌లో 80 వేల మంది స్త్రీల మామోగ్రామ్‌లపై జరిగిన అధ్యయనంలో, ఇద్దరు రేడియాలజిస్టులు చదివే పాత పద్ధతికి బదులు ఏఐ సాయంతో చదివితే డాక్టర్లు చదవవలసిన పని 44 శాతం తగ్గిందని, దొరికిన క్యాన్సర్లు మాత్రం తగ్గలేదని 2023లో తేలింది. రేడియాలజిస్టులు తక్కువగా ఉన్న మన జిల్లాలకు అది పనికొచ్చే సంగతే. అక్కడ ఏఐ చదివింది మామోగ్రామ్‌ను, వేడి ఫోటోను కాదు. ఇంకొకటి, మీ అపార్టుమెంటులో ఎవరికైనా ఇప్పటికే రొమ్ములో గడ్డ తగులుతుంటే వారికి ఏ శిబిరమూ వద్దు, ఈ వారమే సర్జన్‌కు చూపించుకోవాలి.

ప్రశ్న: నేను శ్రీకాకుళం జిల్లా తీరంలో ఏఎన్‌ఎంని. 30 ఏళ్లు దాటినవారికి బీపీ, షుగరుతోపాటు నోరు, రొమ్ము, గర్భసంచి ముఖద్వారం చూడాలని మాకు చెప్పారు. మా ఊళ్లలో ముసలివాళ్లలో అడ్డపొగ, అంటే చుట్టను నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని తాగే అలవాటు, ఇంకా ఉంది. టార్చిలైటు వేసి నోట్లో చూస్తుంటే, ‘ఇంత వయసొచ్చాక నోరు తెరిపిస్తావేంటి, పట్నంలో రక్తం తీసి అన్నీ చెప్పేస్తున్నారట కదా’ అంటున్నారు. మేము చేసే ఈ పని వల్ల నిజంగా ఉపయోగం ఉందా మేడమ్?
— ఒక ఆరోగ్య కార్యకర్త

జవాబు: ఈ నెల ఉత్తరాలలో నేను మొదట జవాబు రాయడానికి కూర్చున్నది మీదానికే.

మొదటి పాఠకురాలికి రాసిన జవాబులో, ఒక పరీక్ష వల్ల మరణాలు తగ్గాయా అన్నదే అసలు ప్రశ్న అన్నాను. ఆ ప్రశ్నకు మీ టార్చిలైటు దగ్గర జవాబు ఉంది. కేరళలో తిరువనంతపురం జిల్లాలోని 13 పంచాయతీలలో 1996 నుంచి దాదాపు 1,90,000 మందితో ఒక అధ్యయనం జరిగింది. సగం ఊళ్లలో డాక్టర్లు కాని ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి, మీలాగే నోరు తెరిపించి చూశారు. పొగాకు గానీ మద్యం గానీ వాడేవారిలో నోటి క్యాన్సర్ మరణాలు ఆ ఊళ్లలో 34 శాతం తక్కువగా ఉన్నాయని 2005లో ప్రకటించారు. ఏ అలవాటూ లేనివారిలో అలాంటి మేలు కనబడలేదు. కాబట్టి రోజుకు అందరి నోళ్లూ చూసే తీరిక లేనప్పుడు, చుట్ట, బీడీ, ఖైనీ, గుట్కా, సారా అలవాటున్న ఇళ్ల తలుపు ముందు తట్టండి.

గర్భాశయ ముఖద్వారం సంగతి కూడా అంతే. ముంబై మురికివాడల్లో 1998 నుంచి టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి వారు దాదాపు లక్షన్నర మంది స్త్రీలతో చేసిన అధ్యయనంలో, శిక్షణ పొందిన కార్యకర్తలు పలచని వినెగర్ పూసి తెల్లబడిన చోటును గుర్తించే పద్ధతిలో రెండేళ్లకోసారి చూస్తే ఆ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. అయితే అదే రాష్ట్రంలో ఉస్మానాబాద్ పల్లెల్లో ఒక్కసారే చేసి చూస్తే వినెగర్ పద్ధతికి స్పష్టమైన ఫలితం రాలేదు. హెచ్‌పీవీ వైరస్‌ను పట్టే పరీక్ష ఒక్కసారి చేసినందుకే మరణాలు దాదాపు సగానికి తగ్గాయని 2009లో తేలింది. కొత్త పరికరమే పాతదానికన్నా మేలని రుజువైన చోట నేను దాన్ని గట్టిగా కోరుకుంటాను. మీ ఉపకేంద్రానికి హెచ్‌పీవీ పరీక్ష రావాలని పైవారికి రాయడం మీ హక్కు. ఈ అధ్యయనాలలో పోలిక కోసం ఒక గుంపు స్త్రీలకు పరీక్షే చేయకుండా వదిలేశారని తీవ్ర విమర్శలు వచ్చాయి, అవి న్యాయమైనవే. ఆ స్త్రీలలో కొందరి ప్రాణాలు పోయాక మన చేతికొచ్చిన రుజువు ఇది. దీన్ని ఫైళ్లలో ఉంచి వాడుకోకపోవడం నాకు సహించరాని విషయం. ఎందుకంటే 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30 నుంచి 49 ఏళ్ల మధ్య స్త్రీలలో ఎప్పుడైనా ఒక్కసారైనా గర్భాశయ ముఖద్వార పరీక్ష చేయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి ఇద్దరు కూడా లేరు.

ఇప్పుడు అడ్డపొగ. చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చినప్పుడు వేడి, పొగ రెండూ నేరుగా అంగిలికి తగులుతాయి. అందుకే మామూలుగా బుగ్గలో, నాలుక పక్కన వచ్చే క్యాన్సర్ మీ తీరంలో ఆడవాళ్లకు అంగిలిలో వస్తుంది. బుగ్గలు, నాలుక మాత్రమే చూసి వదిలేస్తే దాన్ని చూడనట్టే. కట్టుడు పళ్లుంటే తీయించండి. వెలుతురు ఉన్న అరుగు మీద కూర్చోబెట్టి తల బాగా వెనక్కి వాల్చమని, టార్చిని కింది పెదవి దగ్గర నుంచి పైకి వేయండి. అడ్డపొగ తాగేవారి అంగిలి చాలావరకు తెల్లగా, గరుకుగా, మధ్యమధ్య ఎర్రటి చుక్కలతో ఉంటుంది. అలవాటు మానితే ఇందులో కొంత తగ్గుముఖం పడుతుంది, ఆ మాట వాళ్లకు చెప్పండి. ఎర్రగా మారిన మచ్చ, రెండు వారాలు దాటినా మానని పుండు, గ్లవుజు వేలితో నొక్కితే గట్టిగా తగిలే చోటు కనబడితే ఇక ఆగకుండా పంపాలి.

పంపడం అన్నచోటే మన పని ఎక్కువగా తెగిపోతుంది. కేరళలో కూడా వెళ్లమన్నవారందరూ వెళ్లలేదు. మచ్చ ఉందని చెప్పి వదిలేస్తే ఆ మనిషికి మిగిలేది భయమే, అది పట్నంలో ప్యాకేజీ అమ్మేవారు చేసే హానికి తీసిపోదు. విశాఖ దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఒంటరిగా అంత దూరం వెళ్లలేని ముసలామెకు తోడు ఎవరో, ఏ రోజు వెళతారో, ఎవరి ఫోనుకు చేస్తే మాట్లాడతారో అక్కడే కూర్చుని రాసుకోండి. వారం తర్వాత ఆ నంబరుకు ఫోను చేయండి. వెళ్లలేదంటే పీహెచ్‌సీ డాక్టరు గారికి చెప్పి, ఆశా కార్యకర్తను తోడిచ్చి పంపించండి. బయాప్సీ రిపోర్టు వచ్చాక దాని నకలు మీ రిజిస్టరులో ఆమె పేరు పక్కన అంటించండి.